పంటు మీద అద్దం: అందపు ప్రకటనలను వెక్కిరించే సైన్స్ థ్రిల్లర్ రాయడం ఎలా?

సైన్స్ ఫిక్షన్, థ్రిల్లర్, వ్యంగ్యం అనే మూడింటినీ ఒకే నవలలో నడపాలనుకునే రచయిత మొదట తేల్చుకోవలసింది కల్పన ఎంత ఉండాలన్నది. ప్రకటనల వ్యాపారాన్నీ, అది ఊరి మీద రుద్దే అందపు కొలతలనూ వెక్కిరించే కథలో కల్పన తగ్గినకొద్దీ వ్యంగ్యం పదునెక్కుతుంది, ఎందుకంటే ఆ వ్యాపారంలో నిజంగా జరిగినవాటిలోనే నమ్మశక్యం కానివి చాలా ఉన్నాయి. అందుచేత ఇక్కడ చెప్పబోయే పద్ధతికి సూత్రం ఒక్కటే: నవల మొత్తంలో లోకంలో లేని యంత్రం ఒకటి మాత్రమే ఉండాలి, చట్టాలు, క్రీములు, పెళ్ళిచూపులు, ఫ్లెక్సీలు, రేవులో పంటు (మనుషులనూ వాహనాలనూ నది దాటించే బల్లపరుపు పడవ) కోసం నిలబడ్డ జనం, ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. కథాస్థలంగా గోదావరి డెల్టాను తీసుకుందాం.

ఈ కోవలో ముందుగా చూడదగ్గది 1981లో మైకేల్ క్రైటన్ రాసి దర్శకత్వం వహించిన ‘లుకర్’ అనే సినిమా. ప్రకటనల్లో నటించే అందమైన అమ్మాయిలు ఒక ప్లాస్టిక్ సర్జన్ దగ్గరకు వచ్చి, తమ ముఖంలో ఎక్కడ ఎన్ని మిల్లీమీటర్లు సరిచేయాలో రాసి ఉన్న జాబితాలను చేతికిస్తారు. ఒక సంస్థ వాళ్ళ శరీరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటుంది, ఒక్కొక్కరే చనిపోతుంటారు. క్రైటన్ వైద్యవిద్య చదివినవాడు కావడం వల్ల కాబోలు, సినిమాలో అన్నిటికన్నా భయపెట్టేది ఆ మిల్లీమీటర్ల జాబితాయే. ఏ లోపమూ కనిపించని మనిషి తనలోని లోపాన్ని అంకెల్లో చెప్పడం నవ్వు తెప్పిస్తుంది, మరుక్షణం ఒళ్ళు జలదరింపజేస్తుంది. అయితే థియేటర్లకు వచ్చిన ప్రతిలో ఆ హత్యలు ఎందుకు జరిగాయన్నది ప్రేక్షకుడికి సరిగా బోధపడదు. మీరు మొదటి అధ్యాయం మొదలుపెట్టకముందే ‘ఎవరు, ఎవరిని, ఏ లాభం కోసం’ అన్నదాన్ని ఒక కాగితం మీద నాలుగు వాక్యాల్లో రాసుకోవడం ఈ సినిమా నేర్పే పాఠం. ఆ నాలుగు వాక్యాలు రాయలేకపోతే యంత్రం ఎంత గొప్పదైనా నవల నిలబడదు.

ఇక యంత్రం. చాలామంది వెంటనే పట్టుకునేది, కంటికి అందనంత వేగంతో తెర మీద మెరిసి మనసులోకి దూరిపోయే రహస్య సందేశం. దాన్ని వదిలేయండి. 1957లో జేమ్స్ వికరీ అనే అమెరికన్ మార్కెటింగ్ నిపుణుడు న్యూజెర్సీలోని ఒక సినిమా హాల్లో పాప్‌కార్న్, కోకాకోలా అమ్మకాలను అలా పెంచానని ప్రకటించి దేశాన్ని కంగారుపెట్టాడు. 1962 నాటికి ఆయనే అది వ్యాపారం కోసం వేసిన ఎత్తు అని ఒప్పుకున్నాడు. అరిగిపోయిన ఆ అబద్ధాన్ని యంత్రంగా వాడుకునే బదులు, మీ ప్రతినాయకుడి గోడ మీద వికరీ పటం పెట్టి దండ వేయించండి. ప్రకటనల వాళ్ళు పూజించుకోదగ్గ మూలపురుషుడు ఆయనే: అమ్మినది సరుకును కాదు, అమ్మగలమన్న భ్రమను.

అంతకన్నా గట్టి విజ్ఞానం కంటి కదలికల్లో ఉంది. మనం ముఖాన్నో, అక్షరాలనో చూసేటప్పుడు చూపు సాఫీగా జారదు. సెకనులో నాలుగో వంతో, మూడో వంతో ఒకచోట ఆగి, చటుక్కున మరోచోటికి దూకుతుంది. ఆ దూకే కొద్ది క్షణాంశం పాటు చూపు ఇంచుమించు మూతబడినట్టే ఉంటుంది. ఆ లోపు ఎదుట ఉన్న బొమ్మలో ఏదైనా మారినా చాలా సందర్భాల్లో మనకు తెలియదు. చదువరి కన్ను దూకే సమయంలోనే తెర మీది అక్షరాలను మార్చేసే ప్రయోగాలను 1970ల నుంచే పరిశోధకులు చేస్తున్నారు. చదివేవాడికి ఏమీ తెలియదు. పక్కన నిలబడి చూసేవాడికి మాత్రం అక్షరాలు మారిపోతూ కనిపిస్తాయి.

థ్రిల్లర్ రాసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఎవరి చూపును యంత్రం వెంబడిస్తోందో ఆ మనిషికి తప్ప చుట్టూ ఉన్న అందరికీ మోసం కనబడుతుంది. కాబట్టి మీ యంత్రం ఒక ప్రకటన తెర: దూరం నుంచే చూపరి కంటిపాప కదలికను పరారుణ కాంతితో పసిగట్టి, అతని ముఖాన్ని అప్పటికప్పుడు చదివి, తెర మీది మోడల్ ముఖంలో చూపు దూకినప్పుడల్లా కొంచెం కొంచెంగా చూపరి పోలికలను కలుపుతూ పోతుంది. అర నిమిషం గడిచేసరికి చూపరి చూస్తున్నది తన ముఖాన్నే, కాకపోతే రంగు తేలి, దవడ సన్నబడి, ముక్కు తీరుగా వచ్చిన ముఖాన్ని. తానెందుకు ఆ క్రీము కొన్నాడో అతనికి తెలియదు. పరారుణ కాంతి కంటిపొర మీద మెరిసే తీరును బట్టి చూపును కొలవడం ఇప్పటికే ఉన్న విద్య. లేని ముఖాలను పుట్టించే న్యూరల్ నెట్‌వర్కులు 2014 తర్వాత వేగంగా పెరిగాయి. మీరు కల్పించినది దూరాన్నీ, వేగాన్నీ మాత్రమే. అంతవరకే కల్పించండి, అదనంగా మెదడులోకి తరంగాలు పంపాలనిపిస్తే ఆ అధ్యాయాన్ని పక్కన పెట్టండి.

యంత్రానికి ఉన్న పరిమితులను దాని శక్తికన్నా శ్రద్ధగా రాసుకోవాలి, ఉత్కంఠ పుట్టేది వాటినుంచే. అది ఒక్క క్షణంలో ఒక్కరి చూపునే వెంబడించగలదు. నల్లకళ్ళద్దాలు దాన్ని తికమకపెడతాయి. పుష్యమాసపు మంచులో దానికి ఏమీ కనబడదు. కాలువ నీటి మీద పొద్దు వాలిన వేళ వచ్చే తళుకు దానికి వెయ్యి కళ్ళలా తోస్తుంది. కరెంటు పోతే అది ఉత్త నల్లపలక. ఇవన్నీ డెల్టాలో రోజూ జరిగేవే కనుక కథానాయిక తప్పించుకునే ప్రతిసారీ రచయిత అడ్డం వచ్చి కాపాడినట్టు కాకుండా ఊరే కాపాడినట్టు ఉంటుంది.

తెరను ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. కోనసీమకు ముఖద్వారమైన రావులపాలెం కూడలిలో హోర్డింగు పెట్టడం సహజంగానే తోస్తుంది గాని, అక్కడ వాహనాలు ఆగవు, చూపులు నిలవవు. దానికన్నా సఖినేటిపల్లికీ నరసాపురానికీ మధ్య వశిష్ఠ గోదావరిని దాటించే పంటు ఎంతో మేలు. మోటారు సైకిళ్ళు, ఆటోలు, కొబ్బరికాయల బస్తాలు, పెళ్ళివారు, కాలేజీ పిల్లలు అందరూ ఒకే బల్లపరుపు మీద నిలబడి, ఆవలి రేవు వచ్చేదాకా ఎటూ పోలేని స్థితిలో ఉంటారు. ప్రకటనదారుకు అంతకన్నా బంగారం లాంటి ప్రేక్షకులు దొరకరు. థ్రిల్లర్‌కు అంతకన్నా ఇరుకైన గది దొరకదు. ఒకరి చూపును పట్టుకున్న తెర మీద ముఖం మారుతుంటే, మిగతా వాళ్ళు అది తెర చెడిపోయి వణుకుతోందనుకుంటారు. వేరుశనగకాయలమ్మే కుర్రాడు మాత్రం, రోజుకు పదిసార్లు అటూ ఇటూ దాటేవాడు గనుక, ఆ వణుకు ఎప్పుడూ ఎవరో ఒకరు రెప్ప వేయకుండా చూస్తున్నప్పుడే వస్తుందని గమనిస్తాడు. ఆ కుర్రాడిని చంపకండి. ఇలాంటి నవలల్లో మొదట తెలుసుకున్నవాడిని చంపడం ఆనవాయితీ కాబట్టి పాఠకుడు దానికోసమే చూస్తుంటాడు, ఆ ఎదురుచూపును చివరిదాకా వాడుకోవచ్చు.

పెద్ద సన్నివేశానికి కోనసీమలో కనుమనాడు జరిగే జగ్గన్నతోట ప్రభల తీర్థం ఉంది. ఏకాదశ రుద్రుల ప్రభలను పచ్చని వరిచేలల్లోంచి, కౌశిక కాలువను దాటించి భుజాల మీద మోసుకొచ్చే ఆ రద్దీలో సంస్థవాళ్ళు తమ తెరను స్వాగత ద్వారంలా కట్టారనుకుందాం. వేలమంది చూపులు ఒక్కసారిగా మీదపడితే ఒక్కరినే వెంబడించగల యంత్రం ఏమవుతుంది? ఎవరి ముఖాన్ని ఎవరికి కలుపుతుంది? వ్యంగ్యం ప్రహసనంగా మారగలిగిన చోటు ఇది. అయితే తీర్థాన్నీ, భక్తినీ వెక్కిరింపు పరిధిలోకి రానివ్వకూడదు. వెక్కిరించవలసినది ప్రభ పక్కన నిలబడి తన ముఖం ప్రభకన్నా ఎత్తుగా ఉండాలనుకునే ఫ్లెక్సీని.

కథానాయికగా నరసాపురం పరిసరాల్లో ఇంటి దగ్గర కూర్చుని లేసు అల్లే నడివయసు స్త్రీని తీసుకోవాలని నా సలహా. ఆ ప్రాంతపు క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది; అల్లేవాళ్ళకు మాత్రం పని కొలతను బట్టే కూలి. ఏళ్ళ తరబడి కుట్లు లెక్కపెట్టిన కన్ను ఆమెది. రెండు పక్కలా ఒకే పువ్వు వస్తే ఆమెకు ఇట్టే తెలుస్తుంది. తెర మీది ముఖాన్ని చూసి పట్నంలోని నిపుణుడు పట్టుకోలేని విషయాన్ని ఆమె పట్టుకుంటుంది: ఎడమ బుగ్గా కుడి బుగ్గా ఒకే అల్లిక, తిరగేసి పెట్టారు. ఆమెకు తోడుగా అమలాపురంలో ఫోటో స్టూడియో నడిపే మనిషి ఒకడుండాలి. పెళ్ళి ఫోటోలకు రంగు తేల్చి, మచ్చలు తీసి, అదే చేత్తో పిల్ల ఇంటివాళ్ళకూ పిల్లాడి ఇంటివాళ్ళకూ చెరో రకంగా దిద్ది ఇచ్చినవాడు గనుక అతను అమాయకుడు కాదు, ఆ నేరంలో చిన్నవాటాదారు. యంత్రం పుట్టించిన తొలితరం ముఖాల్లో రెండు కళ్ళలోని వెలుగు చుక్కలు ఒకదానికొకటి పొసగకపోవడం, చెవులకున్న దుద్దులు జత కలవకపోవడం వంటి తప్పులు ఉండేవని అతను చెప్పగలడు. పంటు మీద పెళ్ళివారిని వీడియో తీస్తూ, వెనకనున్న తెరలో ముఖం మారడాన్ని తర్వాత ఎడిటింగులో చూసేదీ అతనే. కెమెరాకు చూపు దూకదు కదా.

వెక్కిరింపు ఎవరి మీద పడుతోందో ప్రతి అధ్యాయం చివర సరిచూసుకోవాలి. క్రీము రాసుకునే అమ్మాయి మీద పడితే నవల ఓడిపోయినట్టే. ‘పిల్ల బాగుంది గాని రంగు తక్కువ’ అన్న మాట మేనత్త నోట విని పెరిగిన పిల్ల ట్యూబు కొనుక్కోవడం తెలివితక్కువతనం కాదు. పెళ్ళిళ్ళ బజారులో ఆమెకు తెలిసిన లెక్క అది. వ్యంగ్యానికి గురి కావలసినవాళ్ళు ఆ లెక్కను రాసినవాళ్ళు. పెళ్ళిళ్ళ పేరయ్య తన డైరీలో చామనఛాయను ‘తెలుపు’ అనీ, తెలుపును ‘పచ్చని పసిమి’ అనీ ఒక మెట్టు పైకి నెట్టి రాసుకునే సన్నివేశం ఒక్కటి చాలు, పది పేజీల ఉపన్యాసం అక్కర్లేదు. మగవాళ్ళను వదిలిపెట్టకండి, వాళ్ళకు ప్రత్యేకంగా తెల్లబడే క్రీమును 2005 నుంచే అమ్ముతున్నారు, బట్టతల భయం సంగతి చెప్పనవసరం లేదు.

ప్రకటన వాక్యాలను మీరే రాయాలి, చాలా జాగ్రత్తగా రాయాలి. ఇక్కడ నియమాలు మీకు సాయపడతాయి. నల్లనివాళ్ళను అందవికారులుగానో, దిగులుపడుతున్నవారిగానో చూపకూడదని భారత ప్రకటన ప్రమాణాల మండలి 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. దీన్ని మీ ప్రతినాయకుడు అక్షరాలా పాటిస్తాడు. అతని ప్రకటనలో నల్లని అమ్మాయి పకపకా నవ్వుతుంటుంది, ఉద్యోగంలో పైకొస్తుంటుంది, కింద ఒకే మాట ఉంటుంది: ‘మీరు బాగున్నారు. ఇంకొంచెమే మిగిలింది.’ ఏ నియమాన్నీ ఉల్లంఘించని ఆ ‘ఇంకొంచెం’ నవల పొడుగునా వెంటాడాలి. ఒకచోట అది సబ్బు మీద, ఒకచోట బస్టాపు మీద, ఒకచోట బారసాల ఫ్లెక్సీ మీద పసిబిడ్డ ఫోటో కింద కనబడాలి. 1975లో మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో తన పేరులోంచి ‘ఫెయిర్’ను తీసేసి ‘గ్లో’ను పెట్టుకుంది. వాస్తవమే ఇంత నెమ్మదిగా, ఇంత మర్యాదగా నడిచినప్పుడు మీ ప్రతినాయకుడు గట్టిగా అరవవలసిన పని లేదు.

అతనిచేత గోదావరి మాటే మాట్లాడించండి. విదేశీ యాసలో ఇంగ్లీషు దంచే సంస్థాధిపతి ఇప్పటికే పాతబడ్డాడు. చల్లగా ‘ఆయ్’ అనేవాడు ఎక్కువ భయపెడతాడు. లేసు అల్లే ఆమె మొదటిసారి అతన్ని నిలదీసే చోటు ఇలా ఉండవచ్చు:

“ఆ బొమ్మలో ముఖం నాదే బాబూ. ఎడం బుగ్గ మీద మచ్చేమైంది?”

“తీయించేశామండి అక్కయ్యగారూ. మీకెందుకండి అది?”

“మా అమ్మకీ ఉండేది.”

“ఆయ్, ఆవిడది కూడా తీయించేద్దామండి. పాత ఫోటో ఏదైనా ఉంటే పంపండి, డబ్బులేం వద్దు.”

అతను ఉదారంగా ఉన్నకొద్దీ పాఠకుడికి ఊపిరాడదు. ఇదే మనిషి లాయరుతో కూర్చున్నప్పుడు మరో రకంగా ఉంటాడు. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మొదటిసారి 10 లక్షల రూపాయల వరకూ, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకూ జరిమానా విధించవచ్చు. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్రకటనలోని వివరణ కూడా అసలు ప్రకటన ఉన్న భాషలోనే, అదే అక్షరాల తీరులోనే ఉండాలి. ఈ వివరాలను పాత్రలు పాఠం చెప్పినట్టు చెప్పకూడదు. సంస్థ బడ్జెట్ పట్టికలో ‘పూలు, భోజనాలు, హోర్డింగు అద్దె’ల వరుసలో ‘జరిమానా’ అని ఒక గడి ఉంటే చాలు, అందులో 10 లక్షలు ముందే వేసి ఉంటే ఇంకా చాలు.

కథలో ఎక్కడో ఒకచోట ఒంటికి తగిలే గాయం ఉండాలి, లేకపోతే అంతా తెరల మాయగానే మిగిలిపోతుంది. దానికి కల్పన అక్కర్లేదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారు కావడానికి టైరోసినేజ్ అనే ఎంజైము కావాలి. పాదరసం దాన్ని అడ్డుకుంటుంది కాబట్టే కొన్ని దొంగ క్రీముల్లో పాదరసం కలుపుతారు, అది ఒంట్లోకి చేరి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. డాక్టరు చెప్పకుండా నెలల తరబడి స్టెరాయిడ్ క్రీము రాసుకున్న ముఖం పలచబడి ఎర్రబారుతుంది, మొటిమలు లేస్తాయి, వెంట్రుకలు మొలుస్తాయి. మానేస్తే మంట పెరుగుతుంది గనుక మళ్ళీ అదే రాసుకుంటారు. చర్మానికి రాసే స్టెరాయిడ్లను చీటీ లేనిదే అమ్మకూడదని 2018లో ప్రభుత్వం నియమాన్ని బిగించింది. కాకినాడలో ఒక చర్మవైద్యురాలి గది ముందు బల్ల మీద చున్నీలు కప్పుకుని కూర్చున్న నలుగురమ్మాయిలను రాయండి. వాళ్ళకు ఎదురుగా గోడకు ‘ఇంకొంచెమే మిగిలింది’ క్యాలెండరు వేలాడాలి. వైద్యురాలు దాన్ని చూసుకోలేదన్నది పాఠకుడే గ్రహించాలి.

అధ్యాయాల నడకకు సంబంధించి చెప్పవలసింది కొంచెమే. మోసం ఎలా జరుగుతోందన్నది పాఠకుడికి మూడోవంతు లోపే తెలియాలి. ఆ తర్వాత ఆసక్తంతా ‘ఎవరి చూపును ఇప్పుడు పట్టుకుంది’ అన్న ప్రశ్న మీద నడవాలి, కథానాయిక తన చూపునే నమ్మలేని స్థితికి రావాలి. ఆమె దృష్టికోణంలో రాసే పేరాల్లో ఒక వర్ణనను చడీచప్పుడు లేకుండా మార్చండి: పేరా మొదట్లో ఎర్రరాయి ముక్కుపుడక, చివర తెల్లరాయిది. శ్రద్ధగల పాఠకుడు వెనక్కి తిప్పి చూసుకుంటాడు. ఇలాంటివి నవలలో రెండు మూడుకు మించితే అచ్చుతప్పులనుకుంటారు.

ముగింపులో సంస్థ కూలిపోనవసరం లేదు. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి సహజవాయువు బావిలో ఎగిసిన మంట రెండు నెలలకు పైగా మండింది; ఆ తర్వాతా అక్కడ తవ్వకాలు ఆగలేదని డెల్టా పాఠకుడికి తెలుసు. పంటు మీద తెర దిగిపోవచ్చు, జరిమానా గడి నిండవచ్చు, స్టూడియో మనిషి తన పాత ఆల్బమ్‌లలోని అసలు ఫోటోలను వాటి సొంతదారులకు తిరిగి ఇవ్వడం మొదలుపెడితే కొందరు తీసుకోకపోవచ్చు. మూడింటిలో చివరిది మంచిది. రాత అయ్యాక ప్రతిని ఒకసారి కేవలం తీసివేతల కోసం చదవండి. ‘నిజమైన అందం మనసులో ఉంటుంది’ అని ఎవరు ఎక్కడ అన్నా కొట్టివేయండి. అన్నది ప్రతినాయకుడైతే ఉంచవచ్చు.

సరుకుల పేర్ల విషయంలో మాత్రం బద్ధకించకూడదు. కథలోని క్రీముకూ సంస్థకూ మీరే పేర్లు కల్పించి, అచ్చుకు ఇచ్చేముందు ట్రేడ్‌మార్కుల ప్రభుత్వ వెబ్‌సైటులో సౌందర్య సాధనాలు నమోదయ్యే మూడో తరగతి కింద వెతకండి. ఎంత వెటకారంగా కల్పించిన పేరైనా అక్కడ నిజంగానే ఎవరో నమోదు చేసుకుని ఉండవచ్చు. ఉంటే మరో పేరు చూసుకోవాలి.